ఏపు తగ్గాకే గింజ పెరిగింది

జపాన్‌లో వరి నారుమడుల్లో అప్పుడప్పుడూ ఒక వింత కనిపించేది. మడంతా ఒకే ఎత్తులో ఉంటే, నడుమ నాలుగైదు మొక్కలు మాత్రం మిగతావాటికంటే జానెడు పైకి లేచి, సన్నగా, పాలిపోయిన పచ్చరంగులో నిలబడేవి. చూడటానికి ముచ్చటగానే ఉండేవి. అసలు సంగతి నాట్లయ్యాక తెలిసేది. వాటిలో చాలావరకు చచ్చిపోయేవి, బతికి బట్టకట్టినవి తాలు గింజలు ఇచ్చేవి. జపాన్ రైతులు ఈ తెగులును ‘బకానే’ అన్నారు, అంటే తెలివితక్కువ మొక్క అని. పంజాబ్, హర్యానా బాస్మతి రైతులు ఇదే తెగులును ‘ఝండా రోగ్’ అంటారు. అందరి తలల మీదుగా ఒక్కటే జెండాలా లేస్తుంది కాబట్టి ఆ పేరు.

పైరు బాగుందని చెప్పడానికి తెలుగులో ‘ఏపుగా పెరిగింది’ అంటాం. కూరగాయ పాదును చూసినా, వరి చేను చూసినా అదే మాట. కానీ వరి దిగుబడిలో గత నూరేళ్లలో వచ్చిన అతిపెద్ద పెరుగుదల ఏపు తగ్గించడం వల్ల వచ్చింది. బకానే తెగులు సోకిన మొక్క ఎందుకు అంత పొడుగు సాగుతుందో వెతుకుతూ పోయినవాళ్లకు ఒక రసాయనం దొరికింది. పొట్టి వరి ఎందుకు ఎక్కువ పండుతుందో వెతుకుతూ పోయినవాళ్లూ చివరికి అదే రసాయనం దగ్గర తేలారు. ఈ రెండు దారులూ కలుసుకోవడానికి ముప్పావు శతాబ్దం పైనే పట్టింది.

మొదటి దారి సంగతి. బకానేకి కారణం ఒక శిలీంధ్రమని 1898లో షోతారో హోరి తేల్చారు. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న ఎయిచి కురోసావా చేసిన ప్రయోగం చాలా తేలికైనది, కానీ అసలు మలుపు అదే. శిలీంధ్రాన్ని ఒక ద్రవంలో పెంచి, తరవాత వడకట్టి దాన్ని పూర్తిగా తీసేశారు. మిగిలిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న నారుకు అందించారు. తెగులు జాడ లేని ఆ నారు కూడా పొడుగ్గా సాగింది. అంటే మొక్కను సాగదీస్తున్నది శిలీంధ్రం వదిలిన ఏదో పదార్థం. 1935లో తేయిజిరో యబుతా దాన్ని వేరుచేసి, శిలీంధ్రానికి అప్పట్లో ఉన్న ‘జిబ్బరెల్లా’ పేరు మీదుగా జిబ్బరెల్లిన్ అన్నారు. మూడేళ్లకు స్ఫటికాలుగా తీశారు. ఇదంతా జపాన్ పత్రికల్లోనే ఉండిపోయింది. యుద్ధం ముగిశాక గానీ బ్రిటన్, అమెరికా ప్రయోగశాలలు దీన్ని పట్టించుకోలేదు.

పట్టించుకున్నాక పని వేగం పుంజుకుంది. 1950ల నడిమికి జిబ్బరెల్లిన్ రకాల్లో ఒకటైన జిబ్బరెల్లిక్ యాసిడ్ స్వచ్ఛంగా చేతికొచ్చింది. పుట్టుకతోనే పొట్టిగా ఉండే బఠాణీ మొక్కకు కొంచెం ఇస్తే అది మామూలు ఎత్తుకు పెరిగింది. 1956లో బెర్నార్డ్ ఫిన్నీ పొట్టి మొక్కజొన్న రకాల మీద ఇదే చూపించారు. అక్కడ ఒక ప్రశ్న పుట్టింది. శిలీంధ్రం చేసే విషం పొట్టి మొక్క లోటును ఇంత సరిగ్గా ఎలా పూడుస్తోంది? ఆ పదార్థాన్ని మొక్క కూడా సొంతంగా తయారు చేసుకుంటూ ఉంటే తప్ప అది జరగదు. 1958లో చిక్కుడు జాతి గింజల నుంచే జిబ్బరెల్లిన్‌ను వేరుచేయడంతో అనుమానం తీరింది. ఇది మొక్కల సొంత హార్మోను. శిలీంధ్రం దాన్ని అతిగా తయారుచేసి మొక్కలోకి వదులుతోంది, అంతే. ఇవాళ్టికి 130కి పైగా జిబ్బరెల్లిన్లు తెలుసు. వాటిలో మొక్క మీద నేరుగా పనిచేసేవి కొన్నే, మిగతావి చాలావరకు తయారీలో మధ్య మెట్లు, లేదా పని అయిపోయాక మిగిలిన రూపాలు.

ఇక్కడ మెండెల్‌ను గుర్తుచేసుకోక తప్పదు. 1866లో ఆయన రాసిన పొడుగు, పొట్టి బఠాణీల లెక్కలు బళ్లో చదివినవాళ్లందరికీ గుర్తుంటాయి. ఆ పొట్టి బఠాణీలో లోపించింది జిబ్బరెల్లిన్ తయారీలో చివరి మెట్టు దాటించే ఎంజైమ్ అని 1997లో బయటపడింది. పాఠంలో అక్షరంగా మిగిలిపోయిన ‘కారకం’ వెనక ఉన్నది ఈ హార్మోనే.

రెండో దారి పొలంలో మొదలైంది. మొలగొలుకులు, అక్కుళ్లు లాంటి పాత వరి రకాలు నిలువెత్తు పెరిగేవి. అందుకు కారణం లేకపోలేదు. పొడుగ్గా ఉంటేనే కలుపును కప్పేయగలవు, నీళ్లు నిలిచినా తల పైన ఉంటుంది, పశువులకు గడ్డి దొరుకుతుంది, ఇంటి కప్పుకు కావలసినంత మిగులుతుంది. ఎరువు అంటే పశువుల పేడ, మడిలో తొక్కిన పచ్చిరొట్ట మాత్రమే అయిన రోజుల్లో ఆ రకాలు ఆ పరిస్థితికి సరిగ్గా సరిపోయాయి. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ వచ్చాక చిక్కు మొదలైంది. నత్రజని ఎక్కువ వేస్తే ఆ మొక్కలు ఇంకా పొడుగు సాగేవి. వెన్నులో పాలు పోసుకునే సమయానికి కాడ బరువు మోయలేక చేను పడిపోయేది. పడిన చేనులో ఆకు మీద ఆకు పడి ఎండ అందదు, గింజ నిండదు, నీళ్లు ఉంటే కంకి మీదే మొలకలు వస్తాయి. కోతల ముందు తుఫాను చూసిన గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. అంటే ఎరువు వేసినకొద్దీ పంట తగ్గే స్థితి.

తైవాన్‌లో డీ-జియో-వూ-జెన్ అనే ఒక పొట్టి దేశవాళీ రకం ఉండేది. దానితో చేసిన సంకరం నుంచి 1956లో తైచుంగ్ నేటివ్ 1 వచ్చింది, మన దగ్గర టీఎన్1 అని పిలిచినది. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ చేసిన సంకరాల్లో ఎనిమిదోది, డీ-జియో-వూ-జెన్‌ను ఇండోనేషియా మూలాలున్న పొడుగు రకం ‘పెటా’తో కలిపినది. దాని సంతతి నుంచి హెన్రీ బీచెల్ ఏరిన మొక్కే ఐఆర్8. 1966 నవంబరులో విడుదలైంది. నడుము ఎత్తు దాటదు, పిలకలు ఎక్కువ, 130 రోజుల్లో కోతకు వస్తుంది, నత్రజని వేసినకొద్దీ గింజ పెరుగుతుంది తప్ప పడిపోదు. పాత రకాలు హెక్టారుకు రెండు టన్నులు దాటడం కష్టమైన చోట, పరిశోధన మళ్లలో ఇది పది టన్నుల దరిదాపుల్లోకి వెళ్లింది.

1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఈ విత్తనం వేశారు. తరవాత ఆయనకు ‘ఐఆర్8 సుబ్బారావు’ అన్న పేరే స్థిరపడింది. తమిళనాడులో ఒక రైతు కొడుక్కి ఏకంగా ఐఆర్ ఎట్టు అని పేరు పెట్టుకున్నారు. అలాగని ఐఆర్8 అన్నం రుచిగా ఉండేదని కాదు. గింజ లావు, సుద్దలా ఉండేది, చల్లారితే గట్టిపడేది. పైగా సుడిదోమ లాంటి పురుగులకు తట్టుకోలేకపోయింది. ఒక రకంగా ఐఆర్8 నిలిచింది కొద్ది ఏళ్లే, నిలిచిపోయింది దాని పొట్టితనం. హైదరాబాద్‌లో 1965లో మొదలైన అఖిల భారత వరి సమన్వయ పథకం నుంచి 1968లో ‘జయ’ వచ్చింది, దానికి ఒక వైపు టీఎన్1. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే తెలుగు ఇళ్లలో సన్నబియ్యానికి మారుపేరైన సాంబ మసూరి, దాని వంశంలోనూ టీఎన్1 ఉంది. బియ్యం కొట్లో సన్నాలు అడిగేవాళ్లు ఐఆర్8 అంటే మొహం చిట్లిస్తారు గానీ, రెండింటికీ తైవాన్‌లో ఒక బంధువు ఉన్నాడు.

దిగుబడి పెరిగింది ఎలా అన్నదాని మీద ఒక అపోహ ఉంది. కొత్త రకాల ఆకులు ఎండను ఎక్కువ సమర్థంగా వాడుకున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆకు లోపల కిరణజన్య సంయోగక్రియ పద్ధతి ఏమీ మారలేదు. మారింది పంపకం. పాత పొడుగు రకంలో గడ్డి, గింజ కలిపి తూస్తే గింజ వాటా సుమారు 30 శాతం. పొట్టి రకాల్లో అది 50 శాతం దాకా వెళ్లింది. కాడ కట్టుకోవడానికి పోయే పిండిపదార్థం గింజకు మళ్లింది. దానికి తోడు, పడిపోదన్న ధైర్యంతో రైతు ఎరువు ఎక్కువ వేయగలిగాడు. ఈ రెండూ కలిస్తేనే ఆ దిగుబడి. ఎరువూ నీళ్లూ లేని చోట పొట్టి రకం పాతవాటిని పెద్దగా దాటలేదు. గింజ వాటాను 50 నుంచి ఇంకెంతో పెంచడం కష్టం, కాడా ఆకూ లేకుండా గింజ నిలవదు కదా. అందుకే ఇప్పుడు కిరణజన్య సంయోగక్రియనే మార్చాలని, వరిని మొక్కజొన్న తరహా మొక్కగా చేయాలని ప్రయత్నాలు నడుస్తున్నాయి. అది చాలా దూరపు దారి.

రెండు దారులూ కలిసింది 2002లో. వరిని పొట్టిగా చేసే జన్యువుకు అంతకుముందే ఎస్‌డీ1 అని పేరు పెట్టుకున్నారు గానీ, అది ఏం చేస్తుందో తెలియదు. ఆ ఏడాది వేర్వేరు పరిశోధక బృందాలు ఆ జన్యువును పట్టుకున్నాయి. అది జిబ్బరెల్లిన్ తయారీలో ఒక ముఖ్యమైన మెట్టు దాటించే ఎంజైమ్‌ను చేసే జన్యువు. డీ-జియో-వూ-జెన్‌లో ఆ జన్యువు నుంచి 383 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోయింది, దాంతో ఎంజైమ్ పనిచేయదు. అంటే ఐఆర్8 బకానేకి సరిగ్గా తలకిందుల రూపం. తెగులు మొక్కలో జిబ్బరెల్లిన్ ఎక్కువ, ఐఆర్8 కాడలో తక్కువ.

మరి హార్మోను తగ్గితే పూత, గింజ కూడా దెబ్బతినాలి కదా? దెబ్బతినకపోవడమే ఎస్‌డీ1 గొప్పదనం. వరిలో ఇలాంటి ఎంజైమ్‌ను చేసే జన్యువులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఎస్‌డీ1 ప్రధానంగా కాడ, ఆకుల్లో పనిచేస్తుంది. పువ్వులో వేరే జన్యువు ఆ పని చూసుకుంటుంది. కాబట్టి ఎస్‌డీ1 చెడితే కాడ మాత్రమే కురచ అవుతుంది, వెన్నుకు ఢోకా ఉండదు. ఇంకో వింత ఉంది. కాలిఫోర్నియాలో రేడియేషన్ ఇచ్చి పుట్టించిన కాల్‌రోజ్ 76 అనే పొట్టి రకం, జపాన్‌లో విడిగా దొరికిన కొన్ని పొట్టి రకాలు, అన్నింటిలోనూ దెబ్బతిన్నది ఇదే జన్యువు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వేర్వేరు దేశాల్లో రైతులూ శాస్త్రవేత్తలూ వేల మొక్కల్లోంచి ఏరుకున్నది ఒక్కచోటికే వచ్చింది. ఇందులో ఒక ఇబ్బందీ ఉంది. ప్రపంచపు వరి పొలాల్లో ఇంత పెద్ద భాగం ఒకే జన్యు లోపం మీద ఆధారపడటం వరి పరిశోధకులను ఎప్పుడూ కొంచెం టెన్షన్ పెట్టే విషయమే.

జిబ్బరెల్లిన్ అసలు ఎలా పనిచేస్తుంది? ఏటవాలులో ఆపిన ఎడ్లబండి చక్రానికి రాయి అడ్డుపెట్టడం చూసే ఉంటారు. మొక్క కణాల్లో డెల్లా అనే ప్రోటీన్లు అలాంటి రాళ్లు. అవి ఉన్నంతసేపూ ఎదుగుదల జన్యువులు కదలవు. జిబ్బరెల్లిన్ వచ్చి ఒక గ్రాహక ప్రోటీన్‌ను అంటుకుంటుంది, ఆ జంట డెల్లాను పట్టుకుని కణంలోని చెత్తబుట్టకు అప్పగిస్తుంది. రాయి తీశాక బండి కదులుతుంది, కణం సాగుతుంది. ఆ గ్రాహకాన్ని వరిలోనే 2005లో జపాన్ బృందం కనిపెట్టింది. పొట్టి వరిలో రాయి మామూలుదే, తీసే చెయ్యి బలహీనం. పొట్టి గోధుమ కథ వేరు. హరిత విప్లవ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ వ్యాప్తిలోకి తెచ్చిన గోధుమల్లో రాయి ఆకారమే మారిపోయింది, హార్మోను ఎంత ఉన్నా దాన్ని కదపలేదు. అందుకే పొట్టి వరి మీద జిబ్బరెల్లిక్ యాసిడ్ చల్లితే పొడుగు సాగుతుంది, పొట్టి గోధుమ మీద చల్లితే ఉలకదు పలకదు.

వరదల్లో ఈ రాయికి ఇంకో పాత్ర ఉంది. నీట మునిగిన వరి మామూలుగా తల పైకెత్తాలని కంగారుగా సాగుతుంది, ఉన్న పిండిపదార్థమంతా అందులోనే ఖర్చుచేసి, నీళ్లు తీసేసరికి చచ్చిపోతుంది. ఒడిశా దేశవాళీ రకం నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఏ మాత్రం మునిగితే కదలకుండా కూర్చుంటుంది. దానిలోని సబ్1ఏ జన్యువు డెల్లా రాయిని గట్టిగా పట్టి ఉంచుతుంది, మొక్క శక్తిని దాచుకుంటుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతం దాటి బంగ్లాదేశ్ దాకా పాకిన రకం. దానిలో ఈ జన్యువును చేర్చి 2009లో స్వర్ణ-సబ్1ను విడుదల చేశారు. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. అదే బంగ్లాదేశ్‌లో, నెలల తరబడి నీళ్లు నిలిచే చోట పండే లోతునీటి వరి సరిగ్గా ఎదురు దారి పట్టింది. నీటితో పాటు రోజుకు 20 సెంటీమీటర్లు కూడా సాగుతుంది. 2018లో తేలినదేమిటంటే, దాన్ని అలా సాగదీసేది మరో రూపంలో ఉన్న ఎస్‌డీ1 జన్యువే. ఐఆర్8ని కురచ చేసినది చెడిన ఎస్‌డీ1 అయితే, లోతునీటి వరిని తేల్చేది చురుకెక్కిన ఎస్‌డీ1.

ఈ రసాయన శాస్త్రం తెలుగు రైతులకు పేరు తెలియకుండానే చేతికి వచ్చింది. పత్తి మరీ ఎత్తు పోకుండా కొట్టే మెపిక్వాట్ క్లోరైడ్, మామిడి పూతకోసం చెట్టు మొదలు దగ్గర పోసే కల్టార్, రెండూ మొక్క తన జిబ్బరెల్లిన్ తయారు చేసుకోకుండా అడ్డుపడేవే. కల్టార్ మట్టిలో చాలాకాలం ఉండిపోతుంది, కాబట్టి ఏటా పోయడం మీద తోటలవాళ్లలో భయం ఉండటం న్యాయమే. గింజలేని థాంప్సన్ ద్రాక్షకు జిబ్బరెల్లిక్ యాసిడ్ చల్లుతారు. గింజ ఉంటే అదే హార్మోనునిచ్చి పండును పెంచేది, అది లేదు కాబట్టి బయటి నుంచి ఇవ్వాలి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో ‘ఆడ మగ వరి’ అని పిలిచే హైబ్రిడ్ విత్తన సాగు. దేశంలో వాడే హైబ్రిడ్ వరి విత్తనంలో పెద్ద భాగం తెలంగాణలోనే తయారవుతుంది. ఆడ వరుసలో మొక్క పుప్పొడి లేనిది, మగ వరుస పుప్పొడి దాని మీద పడాలి. చిక్కేమిటంటే, ఆ ఆడ మొక్కలో పైకణుపు సరిగ్గా సాగదు, వెన్ను కింది భాగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్న పూలకు పుప్పొడి అందదు. అందుకే వెన్నులు బయటపడటం మొదలవగానే జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడతారు. పొడి నీళ్లలో సరిగ్గా కరగదు, ముందు ఆల్కహాల్‌లో కరిగించుకోవాలి. ఒకటి రెండు రోజుల తేడాతో మళ్లీ కొడతారు. పైకణుపు సాగి, వెన్ను పూర్తిగా బయటికొస్తుంది. ఆ తరవాత పొద్దున పూట ఇద్దరు అటూ ఇటూ తాడు పట్టుకుని చేను మీదుగా లాగుతూ పుప్పొడి రేపుతారు. జిబ్బరెల్లిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఈయూఐ అనే జన్యువు నుంచి వస్తుంది. అది పనిచేయని మొక్కలో పైకణుపు తనంతట తానే సాగుతుంది. ఆ జన్యులోపాన్ని ఆడ వరుసల్లోకి ఎక్కించి మందు ఖర్చు తగ్గించే పని చైనాలో చాలాకాలంగా సాగుతోంది.

పొట్టితనానికి కట్టాల్సిన మూల్యం నత్రజని దగ్గర కనిపించింది. రాయి ఎక్కువగా పోగుపడిన మొక్క ఎదుగుదలనే కాదు, వేళ్లతో నత్రజని లాక్కోవడాన్ని కూడా కొంత తగ్గించుకుంటుంది. అందుకే పొట్టి రకాలకు బస్తాల మీద బస్తాలు వేయాల్సి వస్తోంది, వేసినదాంట్లో పెద్ద భాగం నీళ్లలోకీ గాలిలోకీ పోతోంది. చైనాలో షియాంగ్‌డాంగ్ ఫు బృందం 2018లో దీని గుట్టు విప్పింది. జీఆర్ఎఫ్4 అనే ప్రోటీన్ నత్రజని తీసుకునే జన్యువులను లేపుతుంది, డెల్లా దాన్ని అణుస్తుంది. జీఆర్ఎఫ్4 ఎక్కువగా ఉండే రూపాన్ని పొట్టి వరిలో చేరిస్తే ఎత్తు పెరగలేదు, తక్కువ ఎరువుతో దిగుబడి మాత్రం పెరిగింది. బ్రేకు అలాగే ఉంచి, దాని వల్ల వచ్చిన నష్టాన్ని పక్క నుంచి పూడ్చడమన్నమాట. పొట్టి వరి మీద గత రెండు దశాబ్దాల్లో వచ్చిన పరిశోధనల్లో రైతుకు నేరుగా లాభం తెచ్చే అవకాశం దీనికే ఎక్కువ.

ఇంకో మూల్యం మొలక దగ్గర. కూలీలు దొరక్క ఆంధ్ర, తెలంగాణల్లో నాట్లు మానేసి వెదజల్లడం, డ్రమ్ సీడర్‌తో వేయడం పెరుగుతోంది. నారుపోసి నాటే రోజుల్లో మొలక బలం గురించి ఎవరూ పట్టించుకోలేదు. నేరుగా విత్తితే, ముఖ్యంగా విత్తనం కాస్త లోతున పడితే, మొలక మట్టిని తోసుకుని తొందరగా పైకి రావాలి, కలుపు కంటే ముందు లేవాలి. పొట్టి రకాలు ఇక్కడ వెనకబడతాయి, సాగాల్సిన ఆ మొదటి వారంలోనూ వాటిలో హార్మోను తక్కువే. ట్రాక్టరు యంత్రాలతో నేరుగా విత్తే అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు దీనికి ఒక ఉపాయం వాడారు. పొట్టి రకం విత్తనానికి విత్తేముందు కొంచెం జిబ్బరెల్లిక్ యాసిడ్ పట్టిస్తారు. మొలక వేగంగా పైకొస్తుంది, కొద్ది రోజులకు మందు ప్రభావం అయిపోతుంది, ఆ తరవాత మొక్క మళ్లీ తన పొట్టి ఎత్తులోనే పెరుగుతుంది.